ఖాళీ లేని కుర్చీలకు దరఖాస్తులు: ఒక అమెరికన్ శివారు నగరంలో బోర్డులు, కమిషన్ల కేస్ స్టడీ

నేపథ్యం

అమెరికాలో నగర పాలన మేయరుతో, కౌన్సిల్‌తో ఆగదు. వాళ్ల కింద స్థానికులతో నియమించిన బోర్డులు, కమిషన్లు ఉంటాయి. వీటికి ఎన్నికలు ఉండవు. చాలా నగరాల్లో మేయర్ ఒకరి పేరు ప్రతిపాదిస్తే కౌన్సిల్ ఆమోదిస్తుంది. జీతం లేని ఈ పదవుల్లో ఎవరున్నారో ఊళ్లో చాలామందికి తెలియదు కూడా. అయినా మీ వీధి చివర స్థలంలో అపార్ట్‌మెంట్లు వస్తాయా, లైబ్రరీ ఆదివారం తెరుస్తారా, కొత్త పార్కు ఏ పేటకు దక్కుతుంది అన్నవాటి మీద మొదటి మాట ఈ కుర్చీల నుంచే వస్తుంది. కౌన్సిల్‌కు పోటీ చేసేవాళ్లలో చాలామంది ముందు ఇక్కడ పని నేర్చుకున్నవాళ్లే. అందుకే ఒక ఊళ్లో ఏ జాతులవారికి ఎంత చోటు ఉందో తెలుసుకోవాలంటే కౌన్సిల్ ఫొటో కన్నా కమిషన్ల జాబితా ఎక్కువ చెబుతుంది.

ఈ కేసు ఒక మహానగరానికి ఆనుకుని ఉన్న శివారు నగరానిది. ఎవరూ గుర్తుపట్టకుండా రాష్ట్రాన్ని, సంవత్సరాలను తీసేశాను. జనాభా శాతాలను, కుర్చీల సంఖ్యను కొంత మార్చి సరిచేశాను కాబట్టి అంకెలను ఈ కేసు వరకే చూడండి. సభ్యుల గురించిన వివరాలు కూడా ఒకరివి మరొకరితో కలిపి రాసినవే.

నగరంలో ఏడు బోర్డులు, మొత్తం 60 కుర్చీలు. ప్లానింగ్ కమిషన్‌లో 9, జోనింగ్ (ఏ స్థలంలో ఏం కట్టొచ్చన్న నియమాలు) అప్పీళ్ల బోర్డులో 7, లైబ్రరీలో 9, పార్కుల్లో 9, చారిత్రక కట్టడాల బోర్డులో 7, కళల బోర్డులో 8, మానవ సంబంధాల కమిషన్‌లో 11. వీటిలో నిజంగా నిర్ణయాధికారం ఉన్నవి మొదటి రెండే, అంటే 16 కుర్చీలు. మిగతావి సలహా ఇస్తాయి, కౌన్సిల్ వింటే వింటుంది.

నగరం తెచ్చిన సమస్య

ఒక అపార్ట్‌మెంట్ ప్రాజెక్టు మీద విచారణ జరిగిన రాత్రి, మైకు ముందుకొచ్చిన ఒకరు ప్లానింగ్ కమిషన్ వేదికను చూపించి, అక్కడ కూర్చున్న తొమ్మిది మందిలో ఈ ఊరు ఎక్కడుందని అడిగారు. కౌన్సిల్ ఇబ్బంది పడింది. తర్వాత సలహాకు పిలిచిన మా బృందానికి సిటీ మేనేజర్ (నగర పరిపాలన నడిపే అధికారి) ఆఫీసు నుంచి వచ్చిన కోరిక ఒకటే, ప్రచార ప్రణాళిక ఒకటి కావాలని. వాళ్ల రోగ నిర్ధారణ అప్పటికే అయిపోయింది: వలస కుటుంబాలు, నల్లజాతి కుటుంబాలు దరఖాస్తు పెట్టడం లేదు, వాళ్లను కదిలించాలి.

అది నిజమో కాదో తేలాలంటే ముందు లెక్క సరిగ్గా ఉండాలి. సిబ్బంది వేసిన మొదటి పట్టికలో శాతాలు కలిపితే నూరు దాటాయి. 2020 సెన్సస్‌లో హిస్పానిక్ (స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలవారు) అవునా కాదా అన్నది ఒక ప్రశ్న, జాతి ఏది అన్నది మరో ప్రశ్న. ఒకే మనిషి హిస్పానిక్ వరసలోనూ శ్వేతజాతి వరసలోనూ పడతాడు. హిస్పానిక్ వారిని ఒక వర్గంగా విడదీసి, మిగతా అన్ని వర్గాల్లోనూ హిస్పానిక్ కానివారిని మాత్రమే లెక్కిస్తే నూరు కుదురుతుంది. (2024 మార్చిలో ఫెడరల్ ప్రభుత్వం ఈ రెండు ప్రశ్నలను ఒకటి చేసి, మధ్యప్రాచ్యం, ఉత్తర ఆఫ్రికా మూలాలవారికి కొత్త గడి చేర్చింది. ముందు ముందు పాత అంకెలతో కొత్తవాటిని పోల్చేటప్పుడు ఇది కొత్త చిక్కు తెస్తుంది.) ఈ గడులు శాశ్వతం కావని మనకు వేరే చెప్పనక్కర్లేదు. 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో సుప్రీంకోర్టు భారతీయుడు పౌరసత్వ చట్టం ప్రకారం శ్వేతజాతీయుడు కాడంది. 1970 సెన్సస్ భారతీయ మూలాలవారిని శ్వేతజాతిలో కలిపింది. 1980లో గానీ ‘ఏషియన్ ఇండియన్’ అనే గడి రాలేదు.

సరిచేశాక వయోజనుల్లో శ్వేతజాతివారు 41%, ఆసియన్లు 24%, హిస్పానిక్ వారు 22%, నల్లజాతివారు 9%, మిగతావారు 4% అని తేలింది.

ఇక కుర్చీల వైపు. అంతకుముందు సిబ్బంది ఫొటోలు, ఇంటిపేర్లు చూసి సభ్యుల జాతిని ఊహించి రాసుకున్నారు. అందులో ముగ్గురి విషయంలో తప్పు. పైగా ఎవరికైనా తన జాతిని క్లర్కు ముఖం చూసి రాశాడని తెలిస్తే ఆ తర్వాత ఏ సర్వేకీ నమ్మకం ఉండదు. ఆ కాగితం పక్కన పడేసి, స్వచ్ఛందంగా నింపే విడి ఫారం పంపాం. వివరాలు ఏడు బోర్డులకూ విడివిడిగా బయటపెట్టం, బోర్డులను మూడు గుంపులుగా కలిపే చెబుతాం అని రాతపూర్వకంగా హామీ ఇచ్చాక సభ్యులంతా నింపారు. 60లో శ్వేతజాతివారు 49, ఆసియన్లు 5, నల్లజాతివారు 4, హిస్పానిక్ వారు 2.

ఈ మొత్తం కన్నా ముఖ్యమైనది పంపిణీ. శ్వేతజాతివారు కాని 11 మందిలో ఏడుగురు మానవ సంబంధాల కమిషన్‌లోనే ఉన్నారు. అధికారం ఉన్న 16 కుర్చీల్లో ఒక్కరూ లేరు. వైవిధ్యం గురించి మాట్లాడే కమిషన్‌లో వైవిధ్యం నిండుగా ఉంది, స్థలాల గురించి నిర్ణయించే చోట సున్నా. చాలా నగరాలు వార్షిక నివేదికలో మొత్తం శాతం వేసి ఊరుకుంటాయి కాబట్టి ఇది కనబడదు.

ఇది కాకతాళీయమా?

కౌన్సిల్‌లో ఒకరు అడిగిన ఈ ప్రశ్న న్యాయమైనదే. చిన్న బోర్డుల్లో సున్నా దానంతట అదే రావచ్చు. వయోజనుల్లో 22% ఉన్న వర్గం నుంచి 9 కుర్చీల బోర్డులో ఒక్కరూ లేకపోవడం, లాటరీ తీసినా, వందకు పదకొండుసార్లు జరుగుతుంది (0.78ని తొమ్మిదిసార్లు గుణిస్తే 0.107). ఒక్క బోర్డును పట్టుకుని వివక్ష అంటే వాదన నిలవదు.

కానీ 16 కుర్చీలు కలిపి చూస్తే కథ వేరు. ఇక్కడ హారంలో ఏ జనాభా వేయాలన్నది తేల్చుకోవాలి. ప్లానింగ్, జోనింగ్ బోర్డులకు నమోదైన ఓటరై ఉండాలని ఆర్డినెన్స్ (కౌన్సిల్ చేసిన నగర చట్టం) చెబుతోంది, కాబట్టి పౌరులనే లెక్కలోకి తీసుకోవాలి. పౌరులైన వయోజనుల్లో శ్వేతజాతివారి వాటా 41 నుంచి 52%కి పెరుగుతుంది. ఆ ఉదారమైన హారంతో కూడా పదహారుకు పదహారూ ఒకే జాతివారు రావడం లక్షకు మూడుసార్లు జరిగే పని. ప్రత్యర్థికి అనుకూలమైన హారం తీసుకుని లెక్క చూపించడం వల్ల, ఆ తర్వాత ‘చాలామంది పౌరులు కారు కదా’ అన్న మాట మళ్లీ రాలేదు.

ముందు చేసినవి, అవి ఎందుకు పోయాయి

మమ్మల్ని పిలిచేనాటికే నగరం ఒక ప్రచార ఉద్యమం నడిపేసింది. ఐదు భాషల్లో కరపత్రాలు, పండగల దగ్గర బల్లలు, గుళ్లలో, చర్చిల్లో, మసీదుల్లో ప్రకటనలు. పని బాగానే చేశారు. ఏటా 40 దాకా వచ్చే దరఖాస్తులు 110 అయ్యాయి. అందులో 60 శ్వేతజాతివారు కానివారివి. ఆ ఏడాది నియమితులైన కొత్తవాళ్లు ముగ్గురు, వాళ్లలో ఆ అరవై మందికి చెందినవారు ఒకరు. మిగిలినవాళ్లందరికీ ఒకే మూస ఉత్తరం వెళ్లింది. తర్వాతి ఏడాది దరఖాస్తులు 52కు పడిపోయాయి, శ్వేతజాతివారు కానివారివి ఆరు. ప్రచారానికి ముందు ఉన్నదానికన్నా తక్కువ. పిలిచారు గానీ పీట వేయలేదు, రెండోసారి ఎవరొస్తారు?

క్లర్కు దగ్గరున్న టర్ముల రిజిస్టర్ తీసి చూస్తే కారణం ఒక మధ్యాహ్నంలో బయటపడింది. టర్ము మూడేళ్లు, అంటే ఏటా 20 కుర్చీల గడువు తీరుతుంది. అందులో సగటున 17 పాతవాళ్లకే మళ్లీ వెళ్తున్నాయి. కౌన్సిల్ అజెండాలో చర్చ లేకుండా ఒక్క ఓటుతో గంపగుత్తగా ఆమోదించే అంశాల మధ్య ఆ పేర్లు సాగిపోతున్నాయి. నిజంగా తెరుచుకునేవి మూడే. అంటే ఏటా ఐదు శాతం.

ఆ ఐదు శాతంతో ఏం జరుగుతుందో లెక్కవేసి కౌన్సిల్‌కు చూపించాం. ఖాళీలన్నీ రేపటి నుంచి జనాభా నిష్పత్తిలోనే నింపినా, ఇప్పుడున్న తేడాలో సగం తగ్గడానికి పదమూడేళ్లు దాటుతుంది. అదే రెండు టర్ముల పరిమితి పెడితే ఏటా ఆరో వంతు, అంటే పది కుర్చీలు తెరుచుకుంటాయి, సగం తేడా నాలుగేళ్లలోపే పోతుంది. కరపత్రాల నాణ్యత ఎంత పెంచినా ఈ రెండు అంకెల మధ్య దూరం పూడదు. ఈ కేసులో అన్నిటికన్నా ఎక్కువ పని చేసిన కాగితం ఇదే.

రెండో ప్రయత్నం కౌన్సిల్‌లో ఒకరిది: ప్రతి బోర్డులోనూ రెండు కుర్చీలు జాతి ప్రాతిపదికన కేటాయించాలని. మన పంచాయతీలు చూసినవాళ్లకు ఇది సహజంగా తోస్తుంది. 73వ సవరణతో వచ్చిన 243-డి అధికరణ ఎస్సీ, ఎస్టీలకు జనాభా నిష్పత్తిలో, మహిళలకు కనీసం మూడో వంతు స్థానాలు రాజ్యాంగంలోనే రాసిపెట్టింది. ఇక్కడ రాజ్యాంగం ఎదురు తిరుగుతుంది. పద్నాలుగో సవరణలోని సమాన రక్షణ సూత్రం కింద, ప్రభుత్వం జాతిని బట్టి మనుషులను విడదీసే ఏ నియమమైనా కోర్టులో అత్యంత కఠినమైన పరీక్షకు నిలవాలి. 1989లో రిచ్‌మండ్ నగరం కాంట్రాక్టుల్లో 30% మైనారిటీ వ్యాపారాలకు కేటాయించిన పథకాన్ని సుప్రీంకోర్టు ఈ పరీక్ష పెట్టే కొట్టేసింది. సిటీ అటార్నీ జవాబు రెండు వాక్యాల్లో వచ్చింది, ప్రతిపాదన అక్కడితో ఆగింది.

దాని నుంచి పనికొచ్చే ముక్క ఒకటి మిగిలింది. ఈ నగరంలో 46% కుటుంబాలు అద్దె ఇళ్లలో ఉన్నాయి, ప్లానింగ్ కమిషన్‌లో అద్దెకుండేవాళ్లు ఎవరూ లేరు. గృహ నిర్మాణం మీద నిర్ణయాలు చేసే చోట అద్దెదారు ఉండాలనడానికి జాతితో సంబంధం లేని బలమైన కారణం ఉంది. అందుకని అద్దెదారుకు ఒక కుర్చీ ప్రత్యేకించాలని సూచించాం. ఇలాంటి నియమం తెచ్చేటప్పుడు చర్చల్లో, మెమోల్లో దాన్ని జాతికి ముసుగుగా మాట్లాడకూడదు. తటస్థంగా కనబడే నియమమైనా వెనక ఉద్దేశం జాతే అయితే కోర్టు దాన్నీ తరచి చూస్తుంది. అద్దెదారు కుర్చీ అద్దెదారు కోసమే అయి ఉండాలి.

మూడోది, ఒత్తిడి తట్టుకోలేక మేయర్ ప్లానింగ్ కమిషన్‌లోకి ఒక ఆసియన్ సభ్యురాలిని వేయడం. ఏడాది తిరక్కుండానే ఆవిడ రాజీనామా చేశారు. వెళ్లేటప్పుడు చెప్పిన కారణాల్లో ఎవరి దురుసుతనమూ లేదు. సమావేశంలో చర్చకొచ్చే కాగితాల ప్యాకెట్, మూడు వందల పేజీలది, నాలుగు రోజుల ముందు చేతికొచ్చేది, దాన్ని ఎలా చదవాలో ఎవరూ చెప్పలేదు. వలస కుటుంబాల ఊసు వస్తే ఎనిమిది తలలు ఆవిడ వైపు తిరిగేవి. ఇంకో కారణం మేం ఊహించనిది. వేరియన్స్ (జోనింగ్ నియమం నుంచి మినహాయింపు) లాంటి కేసుల్లో కమిషన్ సగం న్యాయస్థానంలా పనిచేస్తుంది, సభ్యులు కేసు గురించి ఎవరితోనూ బయట మాట్లాడకూడదు. తెలిసినవాళ్లు ఫోన్ చేస్తే ఆవిడ మాట్లాడలేననేవారు. కుర్చీ ఎక్కగానే మనల్ని మరిచిపోయిందని సొంత సముదాయంలో పేరొచ్చింది. ఇటు ప్రతినిధిలా చూశారు, అటు ద్రోహిలా చూశారు, రెండూ ఆవిడ ఒప్పుకున్న పని కాదు.

పనిచేసినవి

వరస ముఖ్యం. ముందు కుర్చీలు తెరవాలి, తర్వాత గుమ్మం సరిచేయాలి, చివర్లోనే జనాన్ని పిలవాలి. నగరం దీన్ని తలకిందులుగా మొదలుపెట్టింది.

టర్ముల పరిమితి ఆర్డినెన్స్‌కు వచ్చిన ప్రధాన అభ్యంతరం, అనుభవం పోతుందని. అది కొట్టిపారేసే మాట కాదు. తొమ్మిది మంది ప్లానింగ్ కమిషన్‌లో కోరమ్ ఐదుగురు. ఒకేసారి ఐదుగురు కొత్తవాళ్లొస్తే తీర్మానానికి కారణాలు రాయడం రాక నిర్ణయాలు కోర్టులో కొట్టుడుపోతాయి. అందుకని పరిమితి దాటిపోయిన సభ్యులను చీటీలు తీసి మూడు గుంపులు చేశారు, ఏడాదికొక గుంపు దిగుతుంది. ఒక బోర్డులో ఏడాదికి ముగ్గురి కన్నా ఎక్కువ కొత్తవాళ్లు రాకూడదు. దిగినవాళ్లు ఆరు నెలలు ఓటు లేని సలహాదారులుగా ఉండొచ్చు. ఈ మూడో వెసులుబాటు వల్లే ఆర్డినెన్స్ గట్టెక్కిందని నా అంచనా. వెళ్లేవాళ్లకు గౌరవం దక్కాలి, లేకపోతే వాళ్ల స్నేహితులు కౌన్సిల్‌లో ఉన్నారు.

దరఖాస్తు ఫారం నాలుగు పేజీలు. చదివితే ముగ్గురు కాపలాదారులు కనిపించారు. ఒకటి, ప్రస్తుత సభ్యుడు గానీ కౌన్సిల్ సభ్యుడు గానీ సిఫారసు చేయాలి. బోర్డుల్లో ఎవరూ తెలియనివాడికి దారి అక్కడే మూసుకుంటుంది. రెండు, నమోదైన ఓటరునని గడిలో టిక్కు పెట్టాలి. ఆర్డినెన్స్‌లో ఈ షరతు రెండు బోర్డులకే ఉంది, ఎప్పుడో ఎవరో ఫారం ఒకటే చేసినప్పుడు మిగతా ఐదింటికీ అంటుకుంది. అంటే 44 కుర్చీలకు గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు, వీసా మీద ఉన్నవాళ్లు ఏ చట్టమూ చెప్పకుండానే అనర్హులయ్యారు. తీసేయడానికి కౌన్సిల్ ఓటు కూడా అక్కర్లేకపోయింది. మూడు, ఇంటి చిరునామా. దరఖాస్తు పబ్లిక్ రికార్డు, అజెండా ప్యాకెట్‌తో పాటు వెబ్‌సైట్‌లోకి వెళ్తుంది. ఇంట్లో ఒక్కరికి కాగితాలు సరిగ్గా లేకపోయినా ఆ ఇంటి నుంచి ఎవరూ దరఖాస్తు పెట్టరు. ఇప్పుడు చిరునామా క్లర్కు మాత్రమే సరిచూస్తాడు, ప్యాకెట్‌లో పేట పేరే ఉంటుంది. రికార్డుల చట్టాలు రాష్ట్రానికొక రకంగా ఉంటాయి కాబట్టి ఇది అటార్నీని అడక్కుండా చేసే మార్పు కాదు.

కొత్త ఫారం ఒక పేజీ, మూడు ప్రశ్నలు, ఫోన్‌లో నింపొచ్చు. ఒకసారి పెడితే రెండేళ్లు ఏ బోర్డుకైనా చెల్లుతుంది. ఈసారి చోటు దొరకనివాళ్లను వచ్చేసారి ముందుగా పిలుస్తారు. జాతి, భాష, అద్దె ఇల్లా సొంతిల్లా అన్న ప్రశ్నలు విడి కాగితం మీద, స్వచ్ఛందంగా. అది ఎంపిక చేసేవాళ్ల చేతికి వెళ్లదు. దరఖాస్తుదారుల్లో అయిదో వంతు మంది దాన్ని నింపరు. వాళ్లను ‘తెలియదు’ వరసలోనే ఉంచాలి, పేరు చూసి పూరించకూడదు.

ఇంటర్వ్యూ ముగ్గురు చేస్తారు, అందరికీ అవే ఐదు ప్రశ్నలు. ఒక్కొక్కరూ ఒకటి నుంచి నాలుగు దాకా మార్కులు రాసి ఇచ్చాకే చర్చ. పాత ప్రశ్నల్లో ‘మన నగర చరిత్ర గురించి చెప్పండి’ అనేది ఒకటుంది. దానికొచ్చే మార్కులు ఎన్నేళ్లుగా ఈ ఊళ్లో ఉన్నారన్నదానికే. దాని బదులు ఒక పేజీ కేసు ఇస్తారు: మూలమలుపు స్థలంలో నాలుగంతస్తుల భవనం కావాలంటున్నారు, నిర్ణయించే ముందు మీరేం అడుగుతారు? ఇరవై నిమిషాలు చదివి రాసుకోవచ్చు. ఇంగ్లీషు యాసకు మార్కులు పడే ప్రమాదం ఇందువల్ల తగ్గింది. మంచి ప్రశ్నలు వేయగలవాళ్లు ఎవరో తేటగా తెలిసింది, ఈ పనికి కావలసిందీ అదే.

మేయర్ అధికారం మేయర్‌దే. ఎక్కువ మార్కులు వచ్చినవాళ్లను కాదని వేరొకరిని వేయాలంటే మాత్రం రెండు వాక్యాల కారణం అజెండాలో రాయాలి. నాలుగేళ్లలో ఆ అవసరం పెద్దగా పడలేదు.

కొత్తవాళ్లను ఒక బోర్డులోకి కనీసం ఇద్దరిని కలిపి పంపడం ఇంకో మార్పు. ఇద్దరున్నప్పుడు ఒకరితో ఒకరు విభేదించుకోగలరు. అలా ఒకసారి విభేదిస్తే ‘మీవాళ్లు ఏమనుకుంటారు’ అన్న ప్రశ్న దానంతట అదే చచ్చిపోతుంది. ఓటు మొదలయ్యేలోపు రెండు సాయంత్రాల శిక్షణ: స్టాఫ్ రిపోర్టులో ముందు చదవాల్సిన పేజీలు ఏవి, తీర్మానం ఎలా ప్రవేశపెట్టాలి, కారణాలు ఎలా రాయాలి, ఏ కేసులో ఓటు వేయకుండా పక్కకు తప్పుకోవాలి. బయట మాట్లాడకూడదన్న నియమాన్ని వివరిస్తూ సభ్యులు తమవాళ్లకు పంపుకోగల ఒక పేజీ ఉత్తరం కూడా తయారుచేశారు, నగర ముద్రతో. మొదటి సభ్యురాలికి ఎదురైన అపనింద మళ్లీ ఎవరికీ రాలేదు.

సమావేశాలు సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరున్నరకు మారాయి, తొమ్మిదికి ముగియాలి. పిల్లల సంరక్షణ ఖర్చు రసీదు మీద ఇస్తారు. చిన్న గౌరవ పారితోషికం పెట్టారు గానీ వద్దని రాసిచ్చే వీలు ఉంచారు. వీసా మీద ఉన్న సభ్యుడు నగరం నుంచి డబ్బు తీసుకుంటే అది ఉద్యోగం కిందకు వచ్చే చిక్కుంది. హెచ్1బి వాళ్లు సొంత లాయర్‌ను అడిగి తేల్చుకోవాలి, ఈ మాట నియామక పత్రంలోనే రాసి ఉంటుంది.

ఇవన్నీ కుదిరాక ప్రచారం. ఈసారి ‘రండి, పాల్గొనండి’ అని కాదు. ఫలానా బోర్డులో ఇన్ని కుర్చీలు, ఫలానా తేదీ నుంచి, నెలకు ఇన్ని గంటల పని, నమోదైన ఓటరై ఉండాలా అక్కర్లేదా. కరపత్రం కన్నా మనిషి మాట మేలు: ఇంగ్లీషు నేర్పే టీచర్లు, స్కూళ్లలో తల్లిదండ్రులతో మాట్లాడే ఉద్యోగులు, అపార్ట్‌మెంట్ సంఘాలవాళ్లు తలా ఇద్దరిని పేరుపెట్టి అడిగారు.

నాలుగేళ్ల తర్వాత

60 కుర్చీల్లో శ్వేతజాతివారు 34, ఆసియన్లు 14, హిస్పానిక్ వారు 6, నల్లజాతివారు 4, మిగతా 2. శ్వేతజాతివారు కానివారి వాటా 18 నుంచి 43%కి చేరింది. ప్లానింగ్ కమిషన్‌లో ముగ్గురున్నారు, అద్దెదారు కుర్చీ నిండింది. నగరం వార్షిక నివేదిక ఈ 43 దగ్గర ఆగింది. ఆ అంకెను విప్పితేనే కేసు అసలు అర్థమవుతుంది.

ఆసియన్ల వాటా జనాభాతో దాదాపు సమమైంది. ఆ పద్నాలుగు మందిలో పదకొండు మంది సొంతిళ్లవాళ్లు, పెద్ద చదువుల ఉద్యోగాలవాళ్లు, ఎక్కువగా భారతీయ, చైనా మూలాలవాళ్లు. పాత అపార్ట్‌మెంట్లలో ఉండే ఆగ్నేయాసియా శరణార్థి కుటుంబాల నుంచి ఒక్కరూ లేరు. గడి నిండింది మనలాంటివాళ్లతో. తర్వాత వచ్చిన అపార్ట్‌మెంట్ ప్రాజెక్టు మీద కొత్త ఆసియన్ సభ్యులు పాత సభ్యులు వేసినట్టే వ్యతిరేకంగా వేశారు, అనుకూలంగా మాట్లాడింది అద్దెదారు సభ్యుడు. ఇందులో తప్పేమీ లేదు, ఎవరి బుద్ధి వారిది. కానీ జాతి ప్రాతినిధ్యం పెరిగితే ఆ జాతిలోని పేదవారి మాట కూడా వస్తుందని అనుకున్నవాళ్లు ఈ ఓటును గుర్తుంచుకోవాలి. మళ్లీ ఎక్కడైనా చేస్తే మొదటి సర్వేలోనే ఆసియన్ గడిని దేశ మూలాలుగా విడదీసి, సొంతిల్లా అద్దె ఇల్లా అన్నదానితో కలిపి చూడమంటాను.

నల్లజాతివారి సంఖ్య నాలుగు దగ్గరే నిలిచిపోవడానికి కారణం టర్ముల పరిమితే. వాళ్లు మానవ సంబంధాల కమిషన్‌లో ఏళ్లుగా ఉన్నవాళ్లు, ఇద్దరు దిగిపోయారు, వేరే ఇద్దరు వచ్చారు. పరిమితి బోర్డు వారీగానే వర్తిస్తుంది, దిగినవాళ్లు ప్లానింగ్‌కు దరఖాస్తు పెట్టొచ్చు. ఈ సంగతి వాళ్లకు ఎవరూ చెప్పలేదు, ఉత్తరంలో ‘మీ సేవలకు ధన్యవాదాలు’ అని మాత్రమే ఉంది. పన్నెండేళ్ల అనుభవం ఉన్నవాళ్లను అలా ఇంటికి పంపడం నష్టమే. ఇప్పుడు టర్ము ముగియడానికి ఆరు నెలల ముందే మిగతా బోర్డుల్లో తెరుచుకునే కుర్చీల జాబితా పంపుతున్నారు.

హిస్పానిక్ వారు రెండు నుంచి ఆరుకు వచ్చినా 22% జనాభాకు 10% కుర్చీలే. సాయంత్రం సమావేశం ఆఫీసు ఉద్యోగులకు వెసులుబాటు, రెస్టారెంట్లలో, శుభ్రత పనుల్లో ఉండేవాళ్లకు అది సరిగ్గా షిఫ్టు వేళ. పార్కుల బోర్డు శనివారం ఉదయానికి మారితే అక్కడ ఇద్దరు చేరారు. భాష అంతకన్నా గట్టి అడ్డు. మైకు దగ్గర మాట్లాడే ప్రజలకు దుభాషి ఉన్నాడు, కుర్చీలో కూర్చునే సభ్యుడికి లేడు. మూడు వందల పేజీల ప్యాకెట్‌ను నాలుగు రోజుల్లో అనువదించడం జరిగే పని కాదు. సలహా బోర్డులకు రెండు పేజీల సారాంశం స్పానిష్‌లో ఇవ్వడం, సమావేశంలో హెడ్‌ఫోన్లతో ఏకకాల అనువాదం పెట్టడం ఒక బోర్డులో మొదలైంది. ప్లానింగ్ కమిషన్‌కు అటార్నీ ఒప్పుకోలేదు, సభ్యుడు చదవని రికార్డు మీద ఓటు వేశాడని అప్పీలులో వాదిస్తారని.

ఇంకో లెక్క క్లర్కు ముందుంది. పరిమితి వచ్చిన మొదటి మూడేళ్లలో మామూలు కన్నా ఎక్కువ కుర్చీలు తెరుచుకున్నాయి. అప్పుడు చేరినవాళ్లందరికీ ఆరో ఏట నుంచి వరసగా గడువు తీరుతుంది, మళ్లీ గుంపుగా దిగిపోతారు. అది జరక్కుండా ఈ ఏడాది రెండో టర్ముకు వెళ్లేవాళ్లలో మూడో వంతు మందికి చీటీలు తీసి మూడేళ్లకు బదులు రెండేళ్లే ఇవ్వాలని ప్రతిపాదన. ఎవరి చీటీలో రెండు వస్తుందో వాళ్లు ఒప్పుకుంటారా అన్నది వచ్చే కౌన్సిల్ సమావేశంలో తేలుతుంది.